మడతలక్క అడిగిన ఎనిమిది రోజులు

ఆడపడుచు అర్ధమొగుడు అన్నారు పెద్దలు. మా ఇంట్లో ఆ లెక్క సరిపోదు, మా ఆడపడుచు ఒకటిన్నర మొగుడు. మావారికి అక్క, నాకు వదిన, పనిచేసే చోట అందరికీ మడతలక్క. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని మేమెవరం అడగం. అడిగితే గంటసేపు చెబుతుంది.

నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలో, నేను మడిచిపెట్టిన దుప్పట్లన్నీ విప్పి మళ్లీ మడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. వీధి మొదట్లో ఉన్న మందుల షాపు నాదే. ఎవరి చేతి రాతనైనా చదివి మందివ్వగల దాన్ని, దుప్పటి మడవడం రాదని నన్నెవరూ అనలేదు. కోపంగా వెళ్లి బీరువా తెరిచి చూశాను. అంచు మీద అంచు, వేలు దూరే సందు లేకుండా కూర్చున్నాయి దుప్పట్లు. కిక్కురుమనకుండా తలుపు వేసేశాను.

ఆవిడ ఉద్యోగమే మడవడం. అంతరిక్షం నుంచి మనుషుల్ని దించే నౌకకి ఆఖర్న తెరుచుకునే పారాచూట్‌ని కుట్టి, మడిచి, పెట్టెలో పెట్టే విభాగంలో పదహారు మందికి పెద్ద ఆవిడ. పద్దెనిమిదేళ్లప్పుడు బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుడుతుంటే, కుట్టు గీత గీసినట్టుందని పిలిచి మరీ తీసుకున్నారట. అప్పటికి ఇరవయ్యారేళ్లయింది. నేనొకసారి వెళ్లి ఆ హాలు చూశాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నున్నటి చెక్క బల్ల. లోపలికి వెళ్లేవాళ్లు ఉంగరాలూ గడియారాలూ బయట అరల్లో పెట్టాలి. ఆటస్థలమంత బట్ట వెళ్లి డ్రమ్ములాంటి ఒక పెట్టెలో ఇమడాలి. ఇంత బట్ట ఇందులో ఎలా కుక్కుతారు వదినా అన్నాను. కుక్కడం కాదు, అమర్చడం అంది. నా మీద విసుక్కోవడంలో కూడా ఆవిడ ఒక మడత తప్పదు.

మడత జారకుండా దాని మీద అరచేతిలో పట్టేంత బరువు సంచులు పెడతారు. లోపల సీసపు గుళ్లుంటాయి. అవి డెబ్బై రెండు. పని మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, పెట్టె మూసే ముందు ఒకసారి లెక్కపెడతారు. ఒక్కటి తగ్గినా పారాచూట్ మొత్తం విప్పాల్సిందే. లోపల ఉండిపోయిన సంచి, బట్ట తెరుచుకునే ఊపులో దాన్ని చీల్చేస్తుంది. పారాచూట్‌కి చిరుగు పడితే కింద వేలాడే మనిషికి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది పైన ఒక వ్యోమగామి చిక్కుకుపోయాడు. అంతరిక్ష కేంద్రంలో ఒక్కడే ఉన్నాడు. తిరిగి రావాల్సిన నౌకకి ఏదో తగిలి చిల్లు పడింది, దాంట్లో దిగడం కుదరదు. తిండీ గాలీ డెబ్బై రోజులకి సరిపోతాయన్నారు. ఇంకో నౌక ఉంది గానీ అది వచ్చే ఏడాదికి తయారయ్యేది. దాన్ని రెండు నెలల్లో ఖాళీగా పైకి పంపి అతన్ని దింపాలంటే అయ్యే ఖర్చు టీవీలో రోజుకొకరు రోజుకొక రకంగా చెప్పారు. ఒక్క మనిషి కోసం ఇంత డబ్బా అని ఒకాయన, ఒక్క మనిషి మాత్రం మనిషి కాడా అని ఇంకొకాయన. ప్రభుత్వం మాత్రం గోడ మీద పిల్లిలా కూర్చుంది.

ఇవ్వరు, చూస్తూ ఉండండి అన్నాను నేను. నా కారణాలు నాకున్నాయి. మా షాపు ముందు రోడ్డు మలుపులో ఏటా ఇద్దరు ముగ్గురు బండి కింద పడతారు. కట్లు కట్టేది నేనే. అక్కడ ఒక్క దీపం పెట్టండి బాబూ అని ఏడేళ్లుగా అర్జీలు పెడుతున్నాను, దిక్కు లేదు. రోడ్డు మీద పోయేవాడికి దీపం ఇవ్వని వాళ్లు ఆకాశంలో ఉన్నవాడికి నౌక పంపుతారా? పంపినా అది న్యాయమా? ఆ డబ్బుతో ఎన్ని మలుపుల్లో దీపాలు పెట్టొచ్చు? ఇదంతా భోజనాల దగ్గర ఒక్క గుక్కలో అనేశాను. మావారు తల దించుకుని తింటున్నారు. వదిన మాత్రం నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

“నీ దీపం కోసం నేనూ వచ్చి సంతకం పెడతాను అమ్మాయీ. కానీ ఇతన్ని పైన వదిలేస్తే మిగిలే డబ్బు నీ మలుపుకొస్తుందనుకుంటున్నావా? రాదు. ఒక మనిషిని వదిలెయ్యడం ఒకసారి అలవాటైతే రెండోవాడిని వదలడం ఇంకా తేలిక.”

ఆ మాట అని, కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.

పదిహేనో రోజున ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దానికి పెద్దగా ఒక ఆర్థికశాఖ అధికారిని పెట్టింది. ఏ కాగితం తన ముందుకొచ్చినా సగానికి కోసి పంపుతాడని ఆయనకి కత్తెర అని పేరు. ప్రతి విభాగం పెద్దనీ పిలిచి ఇంత త్వరగా మీ పని అవుతుందా అని అడగసాగారు. ఆ గదిలో నేను లేను. వదిన చెప్పిందీ, పక్కన కూర్చున్న ఆవిడ పై సూపర్‌వైజరు చెప్పిందీ కలిపి రాస్తున్నాను. ఆ సూపర్‌వైజరు వదిన కంటే పదేళ్లు పెద్ద, అయినా ఆవిడంటే హడల్.

వదిన పసిగట్టిన విషయం ఒకటుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం కదా. డబ్బు లేదని ఏ ప్రభుత్వమూ తన నోటితో అనదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఏదో ఒక విభాగం మా వల్ల కాదు అనాలి. అప్పుడు, మేం ఇద్దామనే అనుకున్నాం, వాళ్లే కాదన్నారు అని చెప్పుకోవచ్చు. ఆ ‘కాదు’ కోసమే కమిటీ తిరుగుతోందని ఆవిడకి అర్థమైంది. మామూలుగా మడతకి ఇరవై రోజులు పడుతుంది. ఎన్ని రోజులు కావాలని కత్తెర అడిగితే పదకొండు అంది. సూపర్‌వైజరుకి చెమటలు పట్టాయి. ఆవిడ అలా అన్నాక మిగతా విభాగాల వాళ్లకీ కాదనడానికి నోరు రాలేదు. చివరికి డబ్బు మంజూరైంది. ఇవ్వరన్న నా మాట ఓడిపోయింది, అయినా నేను ఒప్పుకోలేదు.

నౌకలో మిగతావన్నీ సర్దుతుండగా వీళ్లకి పారాచూట్ ఇచ్చారు. పదహారు మందీ రెండు జట్లుగా పనిచేశారు. వదిన రెండు జట్లలోనూ ఉంది. మధ్యలో టీవీ వాళ్లొచ్చారు, ఒక మంత్రిగారొచ్చి బల్ల పక్కన నిలబడి ఫొటో దిగారు. అందరూ సంచుల్ని చేత్తో పట్టుకుని భలే ఉన్నాయే అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ వదిన పళ్లు నూరింది.

పదకొండో రోజు పొద్దున పెట్టె మూసే ముందు సంచులు లెక్కపెట్టారు. డెబ్బై ఒకటి.

మళ్లీ లెక్కపెట్టారు. బల్ల కిందా, అరల్లో, చెత్తబుట్టలో వెతికారు. దొరకలేదు. సంగతి పైకి వెళ్లింది, సంస్థ పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. కుట్టుపని అయిపోయింది కాబట్టి, విప్పితే మళ్లీ మడవడానికి ఎనిమిది రోజులు. నౌక మూసే తేదీకి ఐదు రోజులే వెసులుబాటుంది. మిగతా మూడు రోజులూ సంపాదించాలంటే ప్రయోగకేంద్రంలో అన్ని పనులూ మూడు షిఫ్టుల్లో నడపాలి. అంటే మళ్లీ కత్తెర దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాలి. ఆయన కాదంటే పైనున్నవాడి కథ ముగిసినట్టే. వచ్చినవాళ్లలో ఎవరో జేబులో వేసుకుపోయి ఉంటారమ్మా, సంతకం పెట్టెయ్యి అన్నాడు పెద్దాయన. నిజం చెప్పాలంటే అందరూ అదే అనుకుంటున్నారు.

“అయ్యుండొచ్చు సార్. అయ్యుండొచ్చు అన్న మాట మీద అతన్ని దించలేను.”

విప్పడం మొదలుపెట్టింది. పదకొండు రోజుల పని మధ్యాహ్నానికల్లా బల్ల నిండా పరుచుకుంది. ఒక్కో మడతా తీసి, ఒక్కో తాడూ తడిమి చూశారు. సంచి లేదు. వదిన దారం కత్తిరించే కత్తెర కోసమని తన కుట్టుమిషన్ మీద కవరు ఎత్తింది. డెబ్బై రెండోది అక్కడుంది. నాలుగో రోజున దాని కుట్టు వదులైతే, గుళ్లు కారతాయని తనే బల్ల మీంచి తీసి, సాయంత్రం కుడదామని పెట్టుకుంది. అలా తీస్తే, సంచుల లెక్క రాసే పలక మీద ఒకటి తగ్గించి రాయాలి. రెండు జట్ల పనిలో పడి రాయలేదు. ఇరవయ్యారేళ్లలో ఎవరైనా రాయడం మర్చిపోతే ఈవిడ చేతిలో చచ్చేవాళ్లు.

చూసింది వదినా, సూపర్‌వైజరూ, ఇద్దరే. మడతల్లో దొరికిందని చెబుదాం, నీ పేరూ నిలుస్తుంది, ఎనిమిది రోజులూ ఇస్తారు అన్నాడాయన. వదిన బయటికొచ్చి నా షాపుకి ఫోన్ చేసింది. నేను విని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, దొరికింది కదా, ఎక్కడ దొరికిందని ఎవరడిగారు, నోరు మూసుకోండి అన్నాను. పెద్దదాన్ని పట్టుకుని అంత మాటన్నాను. నాకు ఆ వ్యోమగామి గుర్తు రాలేదు, వదిన ఉద్యోగం గుర్తొచ్చింది. సరేనమ్మా అని ఫోన్ పెట్టేసింది. నా మాట విన్నదనుకున్నాను.

సాయంత్రం కమిటీ ముందు నిలబడి కుండబద్దలు కొట్టినట్టు ఉన్నదున్నట్టు చెప్పేసింది. సంచి లోపల లేదు, నా మిషన్ దగ్గరుంది, రాయడం మర్చిపోయింది నేనే, ఎనిమిది రోజులు కావాలి. వీళ్లు ఎదురుచూస్తున్న సాకు పువ్వుల్లో పెట్టి ఇచ్చినట్టయింది.

“మీ తప్పుకి ప్రభుత్వం ఎందుకు కట్టాలమ్మా?” అన్నాడు కత్తెర.

“నా తప్పుకి కట్టకండి సార్. మెమో ఇవ్వండి, జీతంలో కొయ్యండి, దేనికైనా సంతకం పెడతాను. పైనున్న మనిషి ఏ తప్పూ చెయ్యలేదు. ఈ ఎనిమిది రోజులూ అతని కోసం అడుగుతున్నాను.”

“మడతల్లో దొరికిందంటే మేం నమ్మేవాళ్లం కదా?”

“నమ్మేవాళ్లు. కానీ ఇప్పుడు నేను ఎనిమిదంటే ఎనిమిదేనని మీరు నమ్మాలి. అబద్ధం చెప్పొచ్చి ఆ మాట అడగలేను.”

ఆయన కాసేపు కాగితాలు తిరగేశాడు. ఈ ఫైల్లో నలభై విభాగాల అంచనాలున్నాయి, అందరూ నేను కోస్తానని తెలిసి పెంచి రాస్తారు, పెంచారని తెలిసి నేను కోస్తాను అన్నాడట. తరవాత ఆవిడ ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టి, ఇందులో కొయ్యడానికేం లేదు అన్నాడు. ప్రభుత్వాల గుండె ఎక్కడుంటుందో నాకు తెలీదు గానీ, ఆ పూట ఆ మనిషి పెన్నులో ఉంది. అది చెబుతూ సూపర్‌వైజరు మా వరండాలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. నేను సిగ్గుతో ఆయన ముందుకి రాలేకపోయాను.

ఎనిమిదో రోజున పెట్టె మూశారు. డెబ్బై రెండు సంచులూ బల్ల మీదికొచ్చాయి. వదినకి మెమో కూడా వచ్చింది. దాని మీద తేదీతో సహా శుభ్రంగా సంతకం పెట్టి ఇచ్చేసింది. ఆ రోజుల్లో ఆవిడ నడకలో గానీ మాటలో గానీ తేడా లేదు. మావారి చొక్కా ఇస్త్రీ బాగాలేదని చాకిరేవు పెట్టడం కూడా మానలేదు. ఏం గుండె ఈ మనిషిది అనుకున్నాను.

నౌక ఖాళీగా పైకెళ్లి అతన్ని ఎక్కించుకుంది. అతను దిగే రోజు పని చేసినవాళ్ల కుటుంబాల్ని కూడా సంస్థ క్యాంటీన్‌కి రానిచ్చారు. గోడ మీద పెద్ద తెర. పైన ఒక చుక్క కనిపించింది. దాని వెనక తెల్లటి తాడులా ఏదో సాగింది. అది విచ్చుకోవడానికి కొన్ని క్షణాలు పట్టింది. ఆ క్షణాల్లో నా చేతిలో టీ కప్పు ఏమైందో నాకు తెలీదు. తెల్లగా, నిండుగా తెరుచుకుంది. ఎక్కడా చిన్న చిరుగు కూడా లేదు. జనం బల్లల మీదికెక్కి చప్పట్లు కొడుతున్నారు. నౌక పొలంలో దిగింది, తలుపు తీశారు, నలుగురు పట్టుకుని అతన్ని బయటికి తెచ్చారు. గడ్డం పెరిగి బక్కచిక్కి ఉన్నాడు. కళ్లు చికిలించి ఎండని చూసి నవ్వాడు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి కోసం నేను ఏడ్చేశాను.

వదిన పక్కన లేదు. వెతుక్కుంటూ వెళ్తే క్యాంటీన్ వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. దిగాడా అంది. తెర వైపు చూడనే లేదు ఆవిడ.

“దిగాడు వదినా, నవ్వుతున్నాడు. మీకసలు భయమే వెయ్యలేదు కదా?” అన్నాను.

“వెయ్యలేదని ఎవరు చెప్పారే నీకు? మూడు వారాలై నిద్రపోలేదు” అంటూ చేతులు ముందుకి చాపింది. రెండు చేతులూ వణికిపోతున్నాయి. ఆపుదామని చూస్తోంది, ఆగడం లేదు. మెట్టు మీద పక్కన కూర్చుని, అవి ఆగేదాకా నా చేతుల్లో పట్టుకున్నాను.