అడిగితే ఇవ్వాల్సిన సీటు

టెకాయ్ కల్లు గీసే మనిషి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి కొబ్బరిచెట్టెక్కి పాడతాడు. పైన మనిషున్నాడని కింద వాళ్ళకు తెలియాలి కదా. నోనౌటి దీవిలో మాకు తెల్లవారేది ఆ పాటతోనే.

ఆ ఏడు అతని చూపు అంచుల నుంచి కరగసాగింది, అల ఇసుకను కొరికినట్టు. కంటి లోపలి ఒత్తిడి నరాన్ని చంపుతోందని నర్సు రోటియా చెప్పింది.

"తరావా పెద్దాసుపత్రికి కంటి డాక్టరు ఏడాదికి ఒక్క వారమే వస్తాడు మామా. ఈసారి తప్పితే మళ్ళీ ఏడాదికి కాపాడడానికి ఏమీ మిగలదు."

వారానికొక్క చిన్న విమానం. అందులో అతనికో సీటు రాయించింది. "వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకు," అని కూడా అంది. మాలో చుట్టం నోరు తెరిచి అడిగితే లేదనకూడదు, పడవైనా సరే. లేదన్నవాడు ఊరి సభలో తలెత్తుకోలేడు.

టెకాయ్ భార్య నోట్లో ఆ మాట దాగలేదు. విమానానికి ముందురోజు ఆమె తమ్ముడు కైటిరా వచ్చి చాప మీద కూర్చున్నాడు. చాలాసేపు చేపల గురించే మాట్లాడాడు.

"కొత్త చొక్కా ఆరేశావేం బావా? మళ్ళీ పెళ్ళికొడుకువి అవుతున్నావా?"

"అడిగేదేదో అడగరా."

కైటిరా తల వంచాడు. "మా పాప పెదాలు నీలంగా మారుతున్నాయి. పాలు తాగుతూ తాగుతూ ఊపిరాడక ఆగిపోతోంది. తరావా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నీ సీటు అడుగుతున్నాను బావా."

తీగ మీద చొక్కా ఊగుతోంది. టెకాయ్‌కి అదొక తెల్లటి మసక.

"తీసుకో," అన్నాడు.

తల్లి పాపను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. మరుసటి వారం విమానంలో పాప తిరిగొచ్చింది, అవే నీలి పెదాలతో, ఆసుపత్రివాళ్ళిచ్చిన ఒక కాగితంతో. కంటి డాక్టరు ముందురోజే దేశం దాటి వెళ్ళిపోయాడని ఆ తల్లే చెప్పింది.

కైటిరా కాగితం పట్టుకుని చెట్టు కిందికొచ్చాడు. "నీ సీటు వృథా చేశాను బావా. నువ్వూ ఏదైనా అడుగు. ఇస్తాను."

"అది చదివి పెట్టు. నాకు అక్షరాలు కనబడట్లేదు."

కైటిరా చదివాడు. గుండె డాక్టర్లు ఈ ఏడు వచ్చి వెళ్ళారు. మళ్ళీ వచ్చేదాకా పాప పేరు వరుసలో ఉంటుంది.

"ఎప్పుడొస్తారట?"

"అది రాయలేదు బావా."

టెకాయ్ కత్తి నడుముకు దోపుకుని, మొదటి గాటు ఎక్కడుందో కాలితో తడిమాడు. ఎక్కడం మొదలుపెట్టాడు. పాట సగం చెట్టు దాకా వెళ్ళి ఆగింది. మేం కింద నిలబడి, తలలెత్తి, తర్వాతి చరణం కోసం వింటున్నాం.