ట్యాబులో దొరికిన ఆల్టో

ట్యాబులు వచ్చిన రోజు మేం మొదట చేసిన పని పాట పాడటం కాదు, ఫ్యాన్ వేసుకోవడం. నవ్వకండి. మదనపల్లెలో మా చర్చి క్వయర్‌లో పాడినవాళ్లకే తెలుస్తుంది ఆ సుఖం. ఇన్నేళ్లూ ప్రాక్టీసు మొదలవగానే ఎవరో ఒకరు లేచి ఫ్యాన్ ఆపాల్సిందే. లేకపోతే కాగితాలు ఎగిరి బేస్ వాళ్లవి సొప్రానో వాళ్ల ఒళ్లో పడేవి. బట్టల క్లిప్పులు పెట్టాం, రబ్బరు బ్యాండ్లు వేశాం, ఏం చేసినా లాభం లేకపోయింది. ఆ సాయంత్రం పది స్టాండ్ల మీద పది ట్యాబులు నిలబెట్టి, నేనే వెళ్లి స్విచ్చి వేశాను. ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఒక్క పేజీ కదిలితే ఒట్టు! అందరం చప్పట్లు కొట్టాం.

అవి కొత్తవేం కావు. బెంగళూరులో ఒక చర్చివాళ్లు కొత్తవి తీసుకుని, వాడినవి మాకిచ్చారు. ఒకదానికి మూల పగిలింది, ఇంకొకదానికి చార్జింగ్ నిలవదు. అయితేనేం, నాకు మాత్రం పండగే. బడిలో టీచరుగా రిటైరైపోయి, క్వయర్ నడపడం తప్ప వేరే పని లేనిదాన్ని. ఆ తర్వాత నెల రోజులు కూర్చుని నా నోటుబుక్కులోని పాటలన్నీ ట్యాబుల్లోకి టైపు చేశాను. ఇంట్లోవాళ్లు అన్నానికి పిలిస్తే విసుక్కునేదాన్ని.

నోటుబుక్కు అన్నాను కదా, దాని సంగతి చెప్పాలి. మా క్వయర్‌లో అచ్చు పుస్తకాలు లేవు. కొత్తగా చేరినవాళ్లు పాతవాళ్ల పుస్తకం అడిగి తీసుకుని పాటలన్నీ తమ చేత్తో ఎత్తి రాసుకోవాలి. ఆ రాత పూర్తయ్యేదాకా నోరు తెరవనివ్వరు. ప్రాక్టీసుకు మాత్రం ఏ పాటకాపాట విడి కాగితం మీద దించుకుని స్టాండు మీద పెట్టుకునేవాళ్లం. స్వరాలు డొ, రె, మి అనే సోల్ఫా అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి నాలుగు వరసల్లో ఉంటాయి. పై వరస ఆడవాళ్ల పైగొంతుకు, అది సొప్రానో; రెండోది ఆడవాళ్ల కిందిగొంతుకు, ఆల్టో; మూడోది మగవాళ్ల పైగొంతుకు, టెనర్; అడుగున మగవాళ్ల కిందిగొంతుకు, బేస్. పదహారేళ్లప్పుడు నేను సిస్టరమ్మ పుస్తకం చూసి రాసుకున్నాను.

సిస్టరమ్మ అంటే మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఆవిడ. ఇప్పుడు ఎనభై దగ్గర పడింది. ఊళ్లో సగం మందికి సూది వేసిన చెయ్యి అది. మా క్వయర్‌లో ఆల్టో అంటే ఆవిడే. నేను రెండేళ్లు ఆవిడ వెనకాల నిలబడి గొణిగి, గొంతు పైకి పోతోందని సొప్రానోలోకి మారిపోయాను. కానీ నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని తర్వాత చేరిన ఆల్టోలందరూ నా పుస్తకమే చూసి రాసుకున్నారు. అదంటే నాకెంత గర్వమో చెప్పలేను.

అలాంటి సిస్టరమ్మ ఈ ఏడు కుప్పం రానంది. ఏడాదికోసారి మదనపల్లె, పుంగనూరు, కుప్పం క్వయర్లు మూడూ కుప్పం చర్చిలో కలిసి ఒక పాత పాట పాడతాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ లేకుండా ఆ పాట లేదు.

"కండ్లు కనపడవమ్మా. ఈ ఏడు నేను రాను. ఇంక క్వయర్ కూడా సాలు. సిన్నోళ్లుండారు గదా, పాడతారులే," అంది.

నిజమే, కొన్నేళ్లుగా ఆవిడ గొంతు తగ్గించుకుంటూ, వరసలో చివరికి జరుగుతూ వస్తోంది. ట్యాబులంటే నాకంత పిచ్చి పట్టడానికి అసలు కారణం అదే. రెండు వేళ్లు పెట్టి లాగితే అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది! ఆవిడని కుప్పం తీసుకుపోయి తీరాలని పట్టు పట్టాను.

దానికి ముందు పుంగనూరులో నా డాబు చూపించుకోవాలిగా. ఎప్పుడూ ఎవరి ఊళ్లో వాళ్లు నేర్చుకుని నేరుగా కుప్పంలో కలిసేవాళ్లం; అంత గుంపులో ఒక ఊరి తేడా ఇంకో ఊరికి వినపడేది కాదు. ఈసారి ట్యాబులు చూపించాలన్న సంబరం కొద్దీ పుంగనూరు వాళ్లతో ముందుగా ప్రాక్టీసు పెట్టించాను. సిస్టరమ్మ రాలేదు. తక్కినవాళ్లం ట్యాబులు చీరల మధ్య చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాం. పుంగనూరు క్వయర్ పెద్దాయన పొద్దున్నే ఆవుల పాలు పితికి, కేంద్రంలో పోసి, ఆ తర్వాత వచ్చి బేస్ పాడే మనిషి. వాళ్లవి ఇంకా కాగితాలే.

పాట మూడో లైన్లో ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఏమమ్మా, మీ ఆల్టో ఈడ తేడాగా ఉండాదే. మా కాగితంలో ఇట్ల లేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీ కాగితం ఎన్ని సేతులు మారిందో ఏమోప్పా. ఇది సూడండి, కంప్యూటర్లో ఎక్కించింది. దీంట్లో తప్పెట్లొస్తుంది?"

ఆయన వంగి, వెలుగుతున్న తెరను కాసేపు చూశాడు. "అంతేలేమ్మా. కంప్యూటర్లో ఉండాదంటే సరిగానే ఉంటాది," అని తన వాళ్లను రబ్బర్లు తీయమన్నాడు. పాపం, అందరూ తుడిచి మాలాగే రాసుకున్నారు. టైపు చేసింది ఎవరు? నేనే. అయినా తెర మీద అలా మెరుస్తుంటే నాకే అది వేదవాక్కులా కనిపించింది.

మర్నాడు సాయంత్రం ట్యాబు తీసుకుని సిస్టరమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ వద్దంటున్నా వినకుండా ఒళ్లో పెట్టి, అక్షరాలు లాగాను.

"కనపడతాండాదా?"

"లేదు."

ఇంకా లాగాను. చివరికి తెరంతా కలిపి నాలుగు స్వరాలే పట్టేంత లావయ్యాయి.

"అయ్యో! కనపడతాండాదే! ఓసి నీ దుంప తెగ, బాగా కనపడతాండాది!" అంటూ ఆవిడ మంచం మీద నిటారుగా కూర్చుంది. వేలితో తెరను జరుపుతూ పాడటం మొదలుపెట్టింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎన్నాళ్లయింది ఆ గొంతు అలా నిండుగా విని!

మూడో లైన్లో ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ పాడింది. మళ్లీ అక్కడే ఆగింది.

"దీంట్లో ఇట్లే ఉండాదా? నువ్వు సూసి సెప్పమ్మా."

"ఇట్లే ఉండాది సిస్టరమ్మా."

ఆవిడ ట్యాబు పక్కన పెట్టేసింది.

"కండ్లనేది ఉత్త సాకమ్మా," అంది. "ఈ ముక్క కాడ అందరూ ఒకటి పాడతాండారు, నేను ఒకటి పాడతాండాను. ఎన్నో ఏండ్లనించి అంతే. నువ్వు గూడా సెయ్యి కిందికి ఆడించి తగ్గించమంటావు గదా. మా యమ్మ ఆఖర్లో కన్నబిడ్డల్నే మర్సిపోయింది. నాకూ అదే మొదలైందనుకున్నా. ఇప్పుడు సూస్తే దీంట్లో గూడా అట్లే ఉండాది. నలుగుర్లో పాట పాడు సేసేదానికంటే ఇంట్లో ఉండేది మేలు."

చెయ్యి ఆడించిన మాట నిజం. ప్రతి ఏడూ ఆ ముక్క దగ్గర ఆవిడ గొంతు కలవడం లేదని అరచెయ్యి కిందికి తిప్పి సైగ చేసేదాన్ని. వయసైపోయింది పాపం, అనుకునేదాన్ని.

అప్పుడు పుంగనూరు ఆయన మాట గుర్తొచ్చింది.

"మీ పుస్తకం యాడుండాది సిస్టరమ్మా?"

మంచం కింద ఇనప్పెట్టెలో, పాత యూనిఫాం కింద ఉంది. సిరా గోధుమరంగుకు తిరిగింది. ఆ పేజీని ట్యాబుతోనే ఫోటో తీసి, పెద్దది చేశాను. నా సంచిలోంచి నా నోటుబుక్కు తీసి పక్కన పెట్టాను. ముత్యాల్లాంటి నా చేతిరాతలో, మూడో లైన్లో, ఆల్టో స్వరాలుండాల్సిన చోట టెనర్ స్వరాలు రాసి ఉన్నాయి. ఒక్క ముక్కే. ఎత్తి రాసేటప్పుడు కన్ను ఒక వరస కిందికి జారింది. దాన్నే ఇన్నేళ్లుగా ఆల్టోలందరూ ఒకరి తర్వాత ఒకరు నా దగ్గర దించుకున్నారు. ఆఖరికి ట్యాబులోకి కూడా నేనే ఎక్కించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాది సిస్టరమ్మా. మీరు పాడిందే సరి. మేమందరం తప్పు పాడతాండాం."

"మళ్లా సెప్పు."

మళ్లీ చెప్పాను. ఫోటో ఆవిడ కళ్ల దగ్గర పెట్టి, ఒక్కో స్వరం చదివించాను.

"అయితే నా బుద్ధి బాగుండాదా?"

"మా అందరికంటే బాగుండాది."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. "కిటికీలోంచి బయటికి సూస్తా రాస్తివి. అప్పుడే అనుకున్నా!"

ఇద్దరం ఏడుస్తూ నవ్వాం. ఆ తర్వాత చూడండి నా సంబరం! ట్యాబులన్నీ నెట్‌లో కలిపి ఉన్నాయి కాబట్టి ఒక్క ట్యాబులో దిద్దాను, పది ట్యాబుల్లోనూ మారిపోయింది. అన్నేళ్ల తప్పు, కాఫీ చల్లారేలోపు! పుంగనూరుకు ఫోన్ చేసి ఒప్పుకున్నాను.

"తుడిసేసినాము గదమ్మా రబ్బరు పెట్టి! కంప్యూటర్ సెప్పిందంటివే?" అన్నాడాయన పడీపడీ నవ్వుతూ.

కుప్పంలో చర్చి కిక్కిరిసిపోయింది. పైన ఫ్యాన్లు జోరుగా తిరుగుతున్నాయి. పుంగనూరు వాళ్లు కాగితాలు రెండు చేతులా పట్టుకుని మావైపు కుళ్లుకుంటూ చూశారు. సిస్టరమ్మను చివర్నుంచి తెచ్చి ఆల్టో వరస మధ్యలో నిలబెట్టాను. ఆవిడ స్టాండు మీద తెరంతా నాలుగేసి స్వరాలు. పక్కనున్న అమ్మాయి తెరను జరుపుతోంది.

మొదటి చరణం, మూడో లైను. ట్యాబులో సరిగ్గా ఉన్నా, నోళ్లకు అలవాటు పోతుందా? మా ఆల్టోలందరూ పాత తప్పే పాడేశారు. మా వరసలో సరైన స్వరం మీద సిస్టరమ్మ ఒక్కతే ఉంది. చుట్టూ గొంతులు వేరేగా వినపడేసరికి ఆవిడ గొంతు వణికింది, తగ్గడం మొదలైంది, భయంగా నా చేతి వైపు చూసింది. నేను అరచెయ్యి పైకి తిప్పి ఎత్తాను, ఇంకా, ఇంకా అన్నట్టు. ఆవిడ గొంతు పైకి లేచింది.

రెండో చరణంలో ఆ ముక్క వచ్చేసరికి మా ఆల్టోలు ఒక్కరూ ట్యాబు చూడలేదు. అందరూ సిస్టరమ్మ వైపు తిరిగి, ఆవిడ నోరు చూసి పాడారు.