డ్రైవర్ కన్నా ముందు బోణీ

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది: లాప్‌టాప్ మూత తెరవడం వస్తే లాప్‌టాప్ వచ్చినట్టేనని. ఎలమంచిలి దగ్గర మా ఊరి నుంచి వచ్చి, గోపాలపట్నంలో ఒక కార్ల షెడ్డులో చేరిన కొత్త. యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. వన్ టౌన్ మనిషి; బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని కారు జబ్బు చెప్పేవాడు (చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు, అదే నా బాధ). కొత్త కార్లకు అది చాలదని, స్టీరింగ్ కింద అడాప్టర్ గుచ్చి దాని యూఎస్‌బీ కేబుల్ లాప్‌టాప్‌కు పెడితే జబ్బేమిటో తెర మీదే కనిపిస్తుందని ఊదరగొట్టి, ఆ అడాప్టర్ ఒకటి కొనిపించాను. లాప్‌టాప్ మాత్రం ఆయన కూతురిది. మర్నాడు కాలేజీలో ఇవ్వాల్సిన ప్రాజెక్టు అందులోనే ఉంది. "జాగ్రత్త భయ్యా, అది పోతే నా ఏడాది పోద్ది" అని మరీ చెప్పి ఇచ్చింది.

మా షెడ్డులో ఒక ఆచారం. ఏ కొత్త పనిముట్టయినా ముందు ఉస్తాద్ సొంత కారుకు తగిలించి బోణీ చెయ్యాలి. అడాప్టర్ డబ్బాలోని కాగితమేమో, ముందు డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఆ తర్వాతే కేబుల్ పెట్టమంటోంది.

"కాయితం తర్వాత సూద్దారి. ముందు బోణీ సెయ్యి, బిస్మిల్లా!" అన్నాడు ఉస్తాద్.

పెట్టాను. ఇదెవరో నాకు తెలియదంది లాప్‌టాప్.

"ఏటయింది?"

"ఏటీ లేదు ఉస్తాద్, సేత్తన్నాను" అంటూ ఆ డ్రైవర్ కోసం నెట్‌లో వెతికాను. మొదట దొరికిన సైట్లోనే అరచేయంత ఆకుపచ్చ బటన్. నొక్కే ముందు యాంటీవైరస్ ఆపమంది. ఆపేశాను (అంత మర్యాదగా అడిగితే ఎలా కాదంటాం?). తెర మీద గీత మెల్లగా నిండుతోంది. పోర్టు వైపు ఒక గూడ్సు బండి పెట్టె తర్వాత పెట్టెగా సాగిపోతోంది. దాని లయలో నా మనసెటో తేలిపోయింది. నేను తెల్లకోటులో ఉన్నాను. హైవే పొడవునా కార్లు వరసలో నిలబడి, నా వంతెప్పుడా అని వినయంగా దగ్గుతున్నాయి. ఆఖరి పెట్టె దాటేసరికి తెర నిండా లాటరీ ప్రకటనలు. ఆపైన లాప్‌టాప్ దానంతటదే ఆగుతూ, లేస్తూ, మళ్ళీ ఆగుతూ.

ఉస్తాద్ నా మొహం చూశాడు. "పిల్ల సదువురా..." అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. అక్కడే ఒక టైరు మీద కూర్చున్నాను.

సాయంత్రం ఆ పిల్ల వచ్చి, మా ఇద్దరినీ చూసి, "బోణీ సేసీసారా?" అని నవ్వింది. సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "మీ సంగతి నాకు తెల్దా! పొద్దున్నే ప్రాజెక్టు ఇందులోకి కాపీ సేసీసినాను. రిస్టోర్ పాయింట్ కూడా పెట్టీసినాను." ఆ పాయింట్‌తో లాప్‌టాప్‌ను పొద్దుటి స్థితికి తెచ్చి, యాంటీవైరస్‌తో మూలమూలా వెతికించింది. అడాప్టర్ లోపలి చిప్ పేరు కాగితంలో చూసి, దాన్ని తయారుచేసినవాళ్ళ సైట్లోంచే డ్రైవర్ దించింది. అది ఎక్కాకే కేబుల్ పెట్టింది. లాప్‌టాప్ వెంటనే గుర్తుపట్టింది. వెళ్తూ, "మళ్ళీ కావాలంటే అడుగు భయ్యా, ఇత్తాను" అంది.

ఇప్పుడు నాకూ సొంత షెడ్డుంది. అన్నీ ఆ వరసలోనే చేస్తాను. ఇంతవరకూ ఏదీ చెడలేదు. నా లాప్‌టాప్ మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వను. అంతా తెలిసే ఆ పిల్ల ఆ రోజు తనది నా చేతిలో పెట్టింది. జాగ్రత్త అంతా ఆమె దగ్గరే నేర్చుకున్నాను గానీ, ఆ ఇవ్వడం మాత్రం ఇంకా రాలేదని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది.