సూది ఎత్తేసిన పాట

2023. విశాఖ వన్ టౌన్‌లో, హోల్‌సేల్ కొట్ల పైనున్న మేడలో మా సంగీత పాఠశాల. డిప్లొమా పిల్లలకు నేను సంగీత చరిత్ర చెప్పేదాన్ని. రాగం పాడమంటే పోటీపడతారు, చరిత్ర అనగానే ఆవలింతలు. ఒళ్ళు మండి, ఇంట్లో పాత సంగీత వస్తువు ఏదున్నా పట్టుకురమ్మన్నాను.

దువ్వాడ నుంచి వచ్చే హారిక, నానమ్మ పెట్టె అడుగున దొరికిందంటూ 78 ఆర్‌పీఎం రికార్డు తెచ్చింది. అంటే పాతకాలం గ్రామఫోను ప్లేటు, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. లేబుల్ చిరిగిపోయింది. అయితేనేం, అప్పటి గాయకులు కొందరు పాట చివర తమ పేరు తామే చెప్పుకునేవారు. చివరిదాకా వినండర్రా, పేరు వస్తుందేమో అని ఊరించి, పాఠశాల గ్రామఫోనుకు కీ ఇచ్చి సూది పెట్టాను. ఒక ఆడగొంతు ఖంగుమంది.

పాట సగంలో ఒక ముసలామె ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది. హారిక నానమ్మ. పెట్టెలో ప్లేటు లేదని చూసుకుని ఆటో ఎక్కి వచ్చేసిందట. నన్ను పక్కకు లాగి చెవిలో అంది.

“ఆపీయండమ్మా. అది మా యమ్మ గొంతు. ఆకర్ని పేరూ, మేళం పేరూ సెప్పేస్తాది. మా ఇంట్లో ఎవులికీ తెల్దు. తెలిస్తే మా కోడలు నన్ను మనిసిగా సూడదు.”

మేళం అంటే ఆటాపాటాతో బతికిన ఆడవాళ్ళ బృందం. వాళ్ళ పాట మెచ్చుకుని వాళ్ళను గుమ్మం ఎక్కనివ్వని ఘనత మనది. ఆ పాఠం నిన్ననే చెప్పాను, హారిక నోట్సు కూడా రాసుకుంది. పాట అయిపోయింది. ఆ గొంతు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. గబుక్కున సూది ఎత్తేశాను.

“పేరు వస్తుందన్నారు కదా మేడమ్?” అంది హారిక.

“ప్లేటు మీద గీత పడిందమ్మా.”

పిల్ల నన్నూ నానమ్మనూ మార్చి మార్చి చూసింది.

క్లాసు వదిలి, హారికను ఆటో పిలవమని కిందికి పంపాను. ముసలామె ప్లేటు కోసం చెయ్యి చాపి, ఆగింది.

“ఆ సివరి మాట ఓపాలి ఇనిపిస్తారా? పెళ్ళైన కాడ్నించీ ఇన్నేదు.”

తలుపు వేశాను. మెట్ల మీద అలికిడైతే ఇద్దరం ఉలిక్కిపడుతున్నాం. చప్పుడు బయటికి పోకుండా ఆమె తన కొంగు గ్రామఫోను బూరాలో కుక్కి, దానికే చెవి ఆనించింది. పేరు వచ్చినప్పుడు “అమ్మా” అంది, అంతే.

ఇన్నేళ్ళు చరిత్ర చెప్పాను గానీ, దానికి భయపడే మనిషి బతికే ఉంటుందని నాకు తోచనేలేదు. ఇప్పుడు పిల్లలు ఏం తెచ్చినా, ఇంట్లో అడిగే తెచ్చారా అంటాను. కొంగు అడ్డున్నా ఆ పేరు నాకూ వినపడింది. మేళాల పాఠం చెప్పే ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. మింగేస్తాను.