పై గది తెరుచుకోని జూదశాల

మా పక్కింటి డ్రిల్లు మాస్టారు రెండు వారాల కిందట సంతకు ముందురోజు అరకులోయలో కన్నుమూశారని తెలియజేయడానికి చింతిస్తున్నాను. వారి మరణంతో ఒక జూదశాల దివాలా ప్రమాదం నుంచి శాశ్వతంగా బయటపడింది.

సదరు జూదశాల అరచేతిలో ఇమిడే వీడియోగేములో ఉండేది. రిటైరైన ఏడాది మాస్టారు దాన్ని విశాఖలో పాతసామాన్ల కొట్టులో కొన్నారు. దాంతోపాటు వచ్చిన క్యాసెట్టు ఇదొక్కటే. కోటు తొడిగిన బొమ్మ మనిషి పేకముక్కలు పంచేవాడు. అతని వెనుక మెట్లు, పైన మూసిన తలుపు. అతని పందెం బిళ్ళలన్నీ గెలిస్తేనే తలుపు తెరుచుకుంటుందని నిబంధన. ఆ గది చూడాలన్నది తప్ప విశ్రాంత జీవితంలో మాస్టారు వేరే కోరిక వెలిబుచ్చినట్లు నాకు తెలియదు.

వారు బాగా ఆడేవారు. నా బాధంతా అదే. అరుగు మీద కూర్చుని బొమ్మ మనిషిని దాదాపు ఖాళీ చేసి, సరిగ్గా అప్పుడే, కావాలని ఓడిపోవడం మొదలుపెట్టేవారు.

“మళ్ళీ ఎందుకిచ్చేస్తున్నారు మాస్టారూ?”

“ఆడింట్లో కూకుని ఆడతన్నాం బాబూ. కుండంతా ఊడ్సుకుని లెగిపోతే ఆడేటి తింతాడు?”

“వాడు బొమ్మ.”

“బొమ్మైతే మటుకు? ఇల్లు ఆడిదే కదా.”

విందుకు వెళ్తే పెట్టినవారి కుండలో గరిటెడైనా మిగలనిచ్చి లేవడం వారింటి ఆచారం. అది యంత్రాలకు వర్తించదని పలుమార్లు మౌఖికంగా విన్నవించాను. విన్నపాలు తిరస్కరించబడ్డాయి. ముందు గది చూసేసి, తర్వాత ఓడిపొమ్మని మధ్యేమార్గం సూచించాను.

“అంతా దులిపేసినాక ఇత్తే అది బిచ్చం బాబూ, మిగల్సడం కాదు” అన్నారు.

చివరి జ్వరంలో, “ఆ గదిలో ఏటుంటాదంటావు?” అని అడిగారు.

“ఇంకో పేకాట బల్లే ఉంటుంది మాస్టారూ.”

నమ్మలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

కర్మ అయిన మర్నాడు వారి భార్య యంత్రం తెచ్చి నా చేతిలో పెట్టారు. “ఆ గదేటో మీరైనా సూసి సెప్పండి బాబూ. పోయేదాకా ఆయనకి అదే రంధి.”

నా అభ్యంతరాలు నెగ్గే సమయం ఎట్టకేలకు వచ్చింది. మధ్యాహ్నానికల్లా బొమ్మ మనిషి దగ్గర ఒక్క బిళ్ళ మిగిలింది. ఆమె నా భుజం మీదుగా తొంగి చూశారు.

“ఆడికింకేటుంది?”

“ఇదొక్కటేనమ్మా.”

ఆమె కొంగు నడుముకు దోపుకున్నారు.

“అయితే సాలు. లెగండి, అన్నం తిందురు.”

నిరసన తెలుపుతూనే లేచాను. అరుగు మీద ఆ చిన్న తెరలో బొమ్మ మనిషి ముక్కలు పంచేసి, తన ఒక్క బిళ్ళా ముందు పెట్టుకుని, మా ఇద్దరికేసే చూస్తున్నాడు.