రహీం సార్ దిద్దించిన పాఠం

మొన్న మా బడిలో గ్యాసు అయిపోయి వంటామె కట్టెల పొయ్యి రాజేసింది. పొగ తరగతిలోకి రాగానే పిల్లలు కళ్లు నులుముకున్నారు. నాకు మాత్రం రహీం సార్ గుర్తొచ్చారు. ఖమ్మంలో మా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆయన పర్యావరణ విద్య చెప్పేవారు. దర్జీల ఇంట పుట్టిన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఏ ఆకో, గింజో ఉండేది. మాకు పర్యావరణ విద్య పరీక్ష కోసం చదివే పేపరు. ఆయనకు అంతకంటే చాలా ఎక్కువ.

రెండో ఏడాది బోధనాభ్యాసానికి నన్ను భద్రాచలం అడవి అంచున ఒక చిన్న ఊరి బడికి పంపారు. నేను వైరా కాలువ కింద వరిపొలాల మధ్య పెరిగినదాన్ని. అడవిని చార్టు మీదే చూశాను. సార్ తరగతిలో వెనక వరసన కూర్చుని గమనిస్తుండగా, "చెట్లు కొట్టేవాళ్లు మన శత్రువులు" అని పిల్లలచేత మూడుసార్లు గట్టిగా చెప్పించాను. నాలుగో తరగతి లక్ష్మి మాత్రం నోరు తెరవలేదు. మరునాడు బడికే రాలేదు.

"వాళ్లమ్మ ముత్తమ్మ కట్టెలమోపు అమ్మి బతుకుతది," అన్నారు సార్. "నిన్న నువ్వు ఎవరిని శత్రువన్నవో తెల్సిందా?"

"మార్కులు తగ్గిస్తారా సార్?" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

"మార్కుల సంగతి తర్వాత. ముందు వాళ్లింటికి పోదాం పా."

ముత్తమ్మ వాకిట్లో మోపు కడుతోంది. సార్ నా తరఫున ఒక్క మాటా మాట్లాడలేదు. "తప్పు మాట్లాడాను అక్కా," అన్నాను చివరికి.

ఆమె తల ఎత్తింది. "నా బిడ్డ నిన్న బువ్వ తినలే పంతులమ్మా. 'అమ్మా, నువ్ చెడ్డదానివా?' అని అడిగింది."

నాకు కన్నీళ్లు ఆగలేదు. ముత్తమ్మే నా చెయ్యి పట్టుకుని ఊరి వెనక అడవిలోకి తీసుకెళ్లింది. "పచ్చికొమ్మ మీద గొడ్డలి ఎయ్యం. ఎండింది ఇరిస్తే ఫట్టుమంటది, పచ్చిది వంగుతది. చేతికే తెలుస్తది," అంది.

"గిది రేపు బడిల చెప్తవా అమ్మా?" అని అడిగారు సార్.

ఆ రేపు నా పాఠానికి మార్కులు వేసే రోజు. ముత్తమ్మ రెండు కొమ్మలు పట్టుకుని పిల్లల ముందు నిలబడింది. లక్ష్మి లేచి చెట్ల పేర్లు ఇంట్లో మాట్లాడుకునే తమ భాషలో గడగడా చెప్పింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడికి కోపం వచ్చింది. "పాఠం చెప్పాల్సింది ట్రైనీనా, కట్టెలామెనా?"

"తెల్సినామె చెప్తున్నది సార్. మా ట్రైనీ పిల్ల వింటున్నది. వినుడు గూడ ట్రైనింగే," అన్నారు రహీం సార్.

నేను అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఆ పాఠం గురించి కళాశాలవాళ్లు రహీం సార్‌ను సంజాయిషీ అడిగారనీ, "బాధ్యత పూర్తిగా నాదే" అని రాసిచ్చారనీ ఆయన చనిపోయాకే నాకు తెలిసింది.

ఇప్పుడు పెనుబల్లి దగ్గర నేనూ పాఠాలు చెబుతున్నాను. రాసుకున్న ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది ఏ పిల్ల ఇంటికి తగులుతుందో చూసుకుంటాను. పోయిన వారం 'చేపలు పట్టేవాళ్లే చెరువును పాడుచేస్తారు' అని రాసుకున్న వాక్యాన్ని కొట్టేశాను. దాని బదులు చెరువులో చేపలు పట్టే నర్సయ్య తాతను తరగతికి పిలిచి, ఆయన చెబుతుంటే పిల్లలతోపాటు నేనూ నోట్సు రాసుకున్నాను.