సల్ఫా బిళ్ళకు అడ్డొచ్చిన చెయ్యి

దయ్యం భయంతో రాత్రంతా దీపం పెట్టుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. కిరసనాయిలు ఊరికే వస్తుందా? రెండో తరగతితో చదువు మానేసినా, లేనిదాన్ని ఉందనుకునే గుణం నాకు లేదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నిజాం ఏలుబడి చివరి రోజులు. కొత్త కాపురం, రావల్కోల్‌లో. జొన్న కోస్తుంటే కొడవలి తగిలి కాలు చీము పట్టింది. మేడ్చల్ డాక్టరు సల్ఫా బిళ్ళలు ఇచ్చాడు. పుండు మానుతోందనుకుంటుండగా జ్వరం వచ్చింది, ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. కళ్ళు పచ్చబడ్డాయి. ఆపైన మొహం వాచి మూసుకునే పోయాయి.

తల్లి పోసిందని మా అత్త తేల్చేసింది. మా దగ్గర మశూచి వస్తే ఆ మనిషిలో అమ్మవారు ఉన్నట్టే. మందు ఇస్తే ఆమెకు కోపం. నన్ను చీకటి గదిలో వేపాకుల మీద పడుకోబెట్టి, గోక్కోకుండా రెండు చేతులూ పాతచీర పీలికలతో మంచానికి కట్టి, బయట గొళ్ళెం పెట్టి తాళం వేసింది. తలుపు తీయమని మొత్తుకుంటే అమ్మవారే అడుగుతోందనుకుని గడపలో కల్లు పోసి దండం పెట్టేది.

"తల్లీ, సల్లగ సూడు."

నా మాట నాది కాకుండా పోయింది.

మా ఆయనకు డాక్టరు మీదే నమ్మకం. అత్త చేనుకు పోయిన మధ్యాహ్నం కిటికీలోంచి చెయ్యి చాపి, నా పెదవుల మీద ఆ సల్ఫా బిళ్ళే పెట్టాడు.

"మింగు జల్దీ. అమ్మకు ఎర్కైతే ఊకోదు."

నోరు తెరిచాను. తల వెనక నుంచి ఒక అరచేయి వచ్చి గట్టిగా మూసేసింది. బిళ్ళ జారి కింద పడింది. చీకట్లో ఆయనకేమీ కనబడలేదట.

"మేడ్చల్ దాక నడ్శి తెచ్చిన. ఉమ్ముతవేందే?"

మెతుకు పారేయని దాన్ని, మందు ఉమ్ముతానా? మర్నాడూ అంతే. ఆ పైనా అంతే. కదలలేను, చూడలేను. ఈ గదిలోనే పోతాననుకున్నాను. విసిగి ఆయనే మానుకున్నాడు.

ఆ తర్వాత జ్వరం మెల్లగా దిగింది. చర్మం పొట్టులా రాలింది. నడిచే ఓపిక వచ్చాక మేడ్చల్ పోతే, ఇది మశూచి కానే కాదన్నాడు డాక్టరు. ఆ బిళ్ళ కొందరి ఒంటికి పడదట. చర్మంతో ఆగక కాలేయం, మూత్రపిండాల దాకా పోతుందట. ఇంకొన్ని మింగి ఉంటే బతికేదాన్ని కాదట.

అమ్మవారే ఆపిందంది అత్త. అమ్మవారంటే నాకూ భక్తే. కానీ అది గరుకు చెయ్యి. వేళ్ళ మొదట్లో కాయలు నా పెదవికి గీసుకున్నాయి, పేడ వాసన వచ్చింది. ఆ ఇంట్లో నాకు ముందు చాకిరీ చేసి చచ్చిపోయిన ఆడవాళ్ళెవరో నాకు తెలియదు. ఆ చెయ్యి ఎవరిదని ఎవర్ని అడగాలో అప్పుడూ తోచలేదు, ఇప్పుడూ తోచదు.